ముల్లు లేని చేను

పుల్లమ్మ మనవరాలు రూపకు రెండేళ్లు దాటినా నడక రాలేదు. అంగన్‌వాడీ టీచరు స్వర్ణ పిల్ల జబ్బకు కండ కొలిచే రంగుల పట్టీ చుట్టి చూస్తే ఎరుపు దగ్గర ఆగింది. ఎరుపంటే ఏమిటో పుల్లమ్మకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆమె కడుపున పుట్టిన ఇద్దరు మగపిల్లలు ఇట్లాగే ఎండి ఎండి పోయారు. అప్పట్లో పట్టీ లేదు, అంతే తేడా.

ఊరి చుట్టూ పత్తి. విరగకాసినా పత్తిని ఉడకేసి పిల్లకు పెట్టలేం కదా! రేషన్ బియ్యం, నీళ్లలాంటి చారు, మరీ ఏడిస్తే బిస్కెట్ ప్యాకెట్టు, ఆ వాడలో పిల్లల తిండి ఇదే. గుంటెడు జాగా లేని పద్నాలుగు ఇళ్ల ఆడవాళ్లు ఒకచోట చేరినప్పుడల్లా ఈ మాటే చెప్పుకుని ఏడ్చేవారు. ఏడ్చి ఏడ్చి విసుగొచ్చి, మనమే ఏదైనా పండిద్దామనుకున్నారు.

ఊరి పడమట మూడెకరాల బీడు ఉంది. ఇరవై ఏళ్లుగా సర్కారు తుమ్మ కమ్మేసి మేకలు కూడా దూరని నేల. దాని ఆసామి జడ్చర్లలో ఉంటాడు. ఒకప్పుడు వాళ్లింట్లో బోళ్లు తోమిన చనువుతో పుల్లమ్మే పోయి అడిగింది.

"ఆ ముండ్లల్ల ఏం పండుతదే? చేసుకోపోండ్రి," అన్నాడాయన నవ్వుతూ. కాగితం లేదు, కౌలు లేదు. నోటిమాట.

ఆ ఎండాకాలమంతా గొడ్డళ్లు పట్టారు. తుమ్మలు కొట్టి, మొదళ్లు తవ్వి తీశారు. కాలిలో ముల్లు విరిగి చీము పట్టని మనిషి ఆ పద్నాలుగు మందిలో లేదు. వానలు పడగానే జొన్న వేసి, నడుమ సాళ్లలో కంది, బబ్బెర అలసందలు పెట్టారు. ఒక మూలకు తైదలు, అదే రాగులు, గట్టు వెంట పుంటికూర. పుల్లమ్మ ఒక కట్టుబాటు కూడా పెట్టింది. చేనులోంచి ఒక్క గింజ బయటికి పోవద్దు. ఇంటికి మోసుకుపోతే అది మొగుళ్ల కంచాల్లోకే పోతుందని ఆమెకు తెలుసు. వంతుకొకరు చేనులోనే వండాలి, పిల్లలను అక్కడికే తెచ్చి తినిపించాలి, మిగిలితేనే పెద్దలు.

రూప మొదట్లో తైదల జావ కక్కేసింది. పుల్లమ్మ ఓపికగా వేలితో నాలుక మీద రాస్తూ కూర్చుంది. చలికాలం వచ్చేసరికి పిల్ల బబ్బెర గుగ్గిళ్లు గుప్పిట పట్టి బుక్కడం నేర్చింది. లేచి నిలబడి అడుగులు వేసింది. పట్టీ పసుపులోకి వచ్చిన రోజు పుల్లమ్మ అంగన్‌వాడీ గడపలోనే కూలబడి బోరున ఏడ్చింది.

ఆ సంతోషమే కొంప ముంచింది. ఎవరి నేలలో పండితే వాళ్లింట్లో కొత్త గింజ ముందు పడాలన్నది ఆమె పుట్టి పెరిగిన మర్యాద. పాడు మర్యాద! తాను పెట్టిన కట్టుబాటు తానే తప్పుతున్నానని ఎవరికీ చెప్పకుండా, రెండు మానికల జొన్నలు మూటగట్టుకుని జడ్చర్ల బస్సెక్కింది.

"మీ చేన్ల పండినయి సారూ. ముందుగాల మీ నోట్ల పడాలెనని తెచ్చిన."

"మరి తుమ్మచెట్లు?"

"ఒక్కటి లేదు. చెప్పులిడిచి నడువుండ్రి, ముల్లు గుచ్చితె నన్నడుగుండ్రి."

ఆయన చాయ్ పోయించాడు. ఆమె మురిసిపోతూ తిరిగొచ్చింది.

మరుసటి ఏడు జొన్న పాలుపట్టిన వేళ చేను గట్టున సారు కారు ఆగింది. వారం తిరగకముందే జేసీబీ వచ్చింది. ఇరవై రోజులు ఆగితే కోసుకుంటామని ఆడవాళ్లంతా దానికి అడ్డం పడ్డారు.

"నేనిచ్చింది ముండ్ల జాగా. సాఫ్ జెయ్యమని నేనేమన్న అడిగిన్నా?" అన్నాడు సారు.

పాలకంకులు మట్టిలో కలిశాయి. వాటి మీద ప్లాట్ల రాళ్లు పాతారు. ఇంకో బీడు కోసం ఎక్కని గడప లేదు, ఎవరూ ఇవ్వలేదు. రూప మళ్లీ చారుమెతుకుల్లో పడింది. ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే, వచ్చిన నడక కూడా పోయింది.

"దవాఖానకు తీస్కపో అవ్వా, ఆలస్యం జెయ్యకు," అంది స్వర్ణ, పట్టీ విప్పుతూ. మళ్లీ ఎరుపే.

పక్కనే, చేనులో వాళ్లతో కలిసి చేసిన లీలమ్మ కొడుకును ఒళ్లో వేసుకుని కూర్చుంది. వాడికీ ఎరుపే.

"ఇరవై ఏండ్లు ఇటు మొకం జూడనోడు ఉత్తగనే వచ్చిండా, పుల్లక్కా? ఎవలో పోయి చెప్పిండ్రు. చెప్పినోళ్ల పిల్లలు గూడ గిట్లనే ఎండిపోవాలె!"

పుల్లమ్మ రూపను చంకనేసుకుని వంగి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదాని కాళ్లు పట్టుకుంది.

"గా మాట ఎన్కకు తీస్కో లీలమ్మా. నీ కాల్మొక్త, తీస్కో."

లీలమ్మ ముందు తెల్లబోయి చూసింది. తర్వాత, చెప్పిందెవరో ఆమెకు అర్థమైంది. కాళ్లు విడిపించుకుని, కొడుకును భుజానేసుకుని లేచింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.