హామీ లేని నమ్మకాలు

ఎమ్మే ఫిలాసఫీ క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ ఇంకో అమ్మాయీ. డెబ్బైల చివరి మాట. పోర్టులో ఉద్యోగం దొరికి మా నాన్న మమ్మల్ని గోదావరి జిల్లా నుంచి విశాఖ తీసుకొచ్చాడు. కంచరపాలెంలో రైలు పట్టాలకు ఇటు అద్దెకుండేవాళ్ళం. ఆ అమ్మాయి వాళ్ళిల్లు పట్టాలకు అటు. వాళ్ళ నాన్న రైల్వేలో, అమ్మ నర్సు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే కుటుంబం. ఇద్దరం ఒకే బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళం, ఒకరి క్యారేజీ ఒకరం తినేవాళ్ళం. ఆమె అంటే నాకు ఎంత ఇష్టమో అంత ఒళ్ళుమంట.

ఆ మంట మొదలైంది మా మాస్టారి గదిలో. శనివారం మధ్యాహ్నం ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చర్చ పెట్టేవారు. కిటికీ తీస్తే సముద్రపు గాలికి కాగితాలు ఎగిరేవి, మూస్తే చెమటలు. ఆ ఏడాది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. మన నమ్మకాల్లో ఏదైనా రేపు తప్పని తేలవచ్చు. ఎన్ని రుజువులు పోగేసినా హామీ దొరకదని, దేన్నయినా విమర్శకు పెట్టి చూడాల్సిందేననే విమర్శాత్మక హేతువాదులు అంటారు. అలాంటప్పుడు దేన్నయినా నమ్మడం సమంజసమని ఎలా చెప్పగలం?

వారమంతా దాని చుట్టూ తిరిగాను. వంటింట్లో అమ్మ పిలిస్తే పలికేదాన్ని కాదు. చివరికి ఏదో చిక్కినట్టే అనిపించింది. శనివారం నేను మాటలు కూడదీసుకుంటుండగానే ఆమె అనేసింది.

“నమ్మిన సంగతి వేరు, నమ్మడం వేరు కదండి. సంగతి నిజమని మనం హామీ ఇయ్యలేం. కానీ దాన్ని పడగొట్టాలని గట్టిగా సూసినా పడకపోతే, అప్పటికి దాన్ని నమ్మడం తప్పుపని కాదు కదండి.”

మాస్టారు లేచి ఆ మాటను బోర్డు మీద రాశారు. నేను రెండేళ్ళు చదివినా నా మాట ఒక్కటీ ఆ బోర్డెక్కలేదు. ఉక్రోషం ఆపుకోలేక, “మరి ఆదివారం చర్చికెళ్తావుగా? అక్కడ దేన్ని పడగొట్టి చూశావు?” అన్నాను. ఆమె ఏమీ నొచ్చుకోలేదు. “ఎల్తాను. ప్రశ్నలు ఇంటికాడ వదిలేసి ఎల్లను,” అంది. మాస్టారు నవ్వారు. ఆ నవ్వు కూడా ఆమె ఖాతాలోకే పోయింది.

ఎమ్మే అయిపోతుండగా రీసెర్చికి ఒకే ఒక్క సీటు వచ్చింది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. సీటు ఆమెకే ఇచ్చేశారని, ఇంటర్వ్యూ అంతా తంతేనని నేను గట్టిగా నమ్మాను. నా దగ్గర ఆధారాలున్నాయి. మాస్టారి సొంత పుస్తకం, అంచుల్లో ఆయన రాతతో సహా, ఆమె సంచిలో చూశాను. సాయంత్రాలు ఆమె ఆయన ఇంటికి వెళ్తోందని విన్నాను. ఒకరోజు పూర్ణా మార్కెట్‌లో మాస్టారి భార్య పక్కన కూరల సంచి మోస్తూ కనబడింది. నేను ఉల్లిపాయల బస్తాల వెనక్కి తప్పుకుని, వాళ్ళు సందు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అప్పట్నుంచి ఏది జరిగినా నా నమ్మకానికే బలం. మాస్టారు ఆమెను మెచ్చుకుంటే పక్షపాతం. మందలిస్తే, పక్షపాతం బయటపడకుండా నాటకం.

ఒకరోజు బస్సులో ఉండబట్టలేక అంతా కక్కేశాను. ఆమె నా వైపు తిరిగింది.

“సరే. ఏటి జరిగితే నీ నమ్మకం తప్పని ఒప్పుకుంటావో సెప్పు.”

నేను చాలాసేపు ఆలోచించాను. అలాంటిది ఒక్కటీ తోచలేదు.

“సూసావా?” అంది. “మాస్టారింట్లో మేడం గారికి ఒంట్లో బాగోదే. మా అమ్మ ఎల్లి ఇంజక్షన్లు సేత్తంది, తోడు నానెల్తన్నాను. ఎవరికీ సెప్పొద్దన్నారని సెప్పలేదు. బరువు మొయ్యకూడదని సంచి మోసాను. అంతే.”

సిగ్గుపడాల్సింది. కానీ నా మనసు మరుక్షణమే ఇంకో మెలిక తిరిగింది. అయితే ఆయన ఈ కుటుంబానికి రుణపడి ఉన్నారన్నమాట, సీటు ఇవ్వకుండా ఎలా ఉంటారు?

ఇంటర్వ్యూలో ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగారు. విమర్శకు నిలబడినదాన్ని నమ్మడం సమంజసం అన్నారే, ఆ సూత్రాన్ని దేనితో సమర్థిస్తారని. దాన్ని కూడా విమర్శకే పెడతాం, నిలబడినంతవరకూ ఉంచుకుంటాం అని నేను గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆమె మాత్రం, “ఆ జవాబు నాకూ తెలుసండి. కానీ అది తన తోకని తానే పట్టుకున్నట్టుంది. అది సరిపోతుందో లేదో నాకింకా తేలలేదు,” అందట.

సీటు నాకొచ్చింది.

మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. “నీ పేరు నేనే గట్టిగా చెప్పానమ్మా,” అన్నారు. “పట్టిన పని నువ్వు వదలవు. రీసెర్చికి అది ముఖ్యం.” కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “ఆ అమ్మాయి బుర్ర వేరులే,” అన్నారు.

నా నమ్మకం పూర్తిగా కూలిపోయింది. దాన్ని కూల్చిన మాస్టారే నా ఈర్ష్యకు కొత్త ప్రాణం పోశారు. మెట్లు దిగుతూ అనుకున్నాను. ఆ సీటు ఆమెకిచ్చి, ఆ ఒక్క మాట నాకిస్తే బావుండునని.

ఆమెకు దువ్వాడ దగ్గర కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. తర్వాత స్టీల్ ప్లాంటులో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. అప్పటికి ప్లాంటు ఇంకా కడుతున్నారు, దువ్వాడ చుట్టూ కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. నేను థీసిస్ చాప్టర్లు పట్టుకుని రైల్లో ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. మాస్టారు చూసి బాగుందన్న పేజీలను కూడా ఆమె వదిలేది కాదు.

మూడో చాప్టర్లో, ఎన్నో పరీక్షలకు నిలబడిన నమ్మకం రేపు కూడా నిలబడే అవకాశం ఎక్కువ అని రాశాను. ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

“ఇక్కడ దొడ్డిదారిన హామీ తెచ్చేసావే. రేపటి సంగతి నీకెవరు సెప్పారు? ఇవాళ నమ్మడానికి ఇవాళ్టి విమర్శ సాలు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనకు.”

ఆ చాప్టర్ మొత్తం తిరగరాశాను. ఆమె మళ్ళీ విరగ్గొట్టింది. మళ్ళీ రాశాను. ప్రతిసారీ తిరుగు రైల్లో ఏడుపొచ్చినంత పనయ్యేది. తప్పు పట్టినందుకు కాదు, అది నాకెందుకు కనబడలేదని.

థీసిస్ ఇచ్చాక జరిగిన వైవాలో బయట్నుంచి వచ్చిన పరీక్షకుడు మూడో చాప్టర్‌నే పొగిడాడు. నా స్నేహితురాలు పట్టుబట్టడం వల్ల కుదిరిందని ఆయనతో చెప్పాను. మర్నాడు పొద్దున్నే దువ్వాడ వెళ్ళి ఆమెకూ చెప్పాను. ఆమె చేపలు వేయిస్తోంది. ముక్కలన్నీ తిరగేసి పొయ్యి తగ్గించింది.

“నీ సేప్టర్ సదివినప్పుడల్లా కడుపు మండిపోయీదే,” అంది. “ఆ సీటు నాదవ్వాల్సింది. అందుకే అంత కసిగా ఎతికీదాన్ని తప్పులు. ఒక్కటి దొరికితే ఆ రాత్రి నిద్ర బాగా పట్టీది.”

ఆమెకు ఈర్ష్యలాంటివి అంటవని నేను ఇన్నేళ్ళూ నమ్మాను. ఆ నమ్మకాన్ని ఒక్కసారి కూడా తట్టి చూడలేదు. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు. ఆమె ఈర్ష్య నా థీసిస్‌ను నిలబెట్టింది. నా ఈర్ష్య ఆమె రాసిన ఒక్క వాక్యాన్నయినా మెరుగుపరచలేదు. ఆ సంగతి తోచగానే, నిజం చెప్పొద్దూ, దానిక్కూడా ఆమె మీద కాస్త కుళ్ళుకున్నాను.

ఇద్దరం ఆ చేపలతో అన్నం తిన్నాం. స్టేషన్‌కు నడుస్తుంటే ఆమె నాలుగో చాప్టర్ కూడా ఎక్కడో లూజుగా ఉందంది. ఇక నాకేమిటి, పట్టా వచ్చేసినట్టేగా అన్నాను. “పట్టా వస్తే తప్పు ఒప్పయిపోద్దేటి?” అంది. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫాం మీద నిలబడి దాని గురించే దెబ్బలాడుకున్నాం.