మిరప కల్లంలో కబడ్డీ

ఇప్పుడు మేడ కట్టారు గానీ, సత్తెనపల్లి దగ్గర మా ఊరి ప్రైవేటు బడి పుట్టింది పాత పత్తి గోడౌనులో. ఇంగ్లీషు మీడియం అని బయట ఎంత పెద్ద బోర్డు పెట్టినా, ఫ్యాను వేస్తే చాలు, దూలాల మీది పత్తి పింజలు మా తలల మీదికి దిగేవి. బడి పెట్టిన పెద్దమనిషిని అందరం కరస్పాండెంట్ గారు అనేవాళ్ళం. మంచివారే గానీ, ర్యాంకులు తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

గ్రౌండు లేదు. పక్కనున్న మిరప కల్లమే మాకు దిక్కు. కాయలు ఆరబోసిన రోజుల్లో కూడా రైతు ఓ మూల వదిలేవాడు. అక్కడే ముగ్గుపిండితో గీతలు గీసుకుని మా ఆడపిల్లల కబడ్డీ జట్టు తయారైంది. కూతకు వెళ్తే ఘాటు నేరుగా గొంతులోకి దిగేది. తుమ్మితే కూత తెగినట్టే, అవుట్. రంగు పోయిన తాలుకాయలు ఏరుకునే ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

"ఏందే, కూతకెళ్ళావా, పడిశం తెచ్చుకోను వెళ్ళావా?"

నాకు ఒళ్ళు మండేది. మండినకొద్దీ ఇంకా పంతంగా ఆడేదాన్ని.

తొమ్మిదో తరగతిలో ఉండగా సత్తెనపల్లిలో ప్రైవేటు బళ్ళకు పోటీలు పెట్టారు. కరస్పాండెంట్ గారు మమ్మల్ని పిలిచారు.

"కప్పు తెచ్చారా, సరే. లేదంటే రేపట్నుంచి ఆటల పీరియడ్ లెక్కల మాస్టారికి ఇచ్చేస్తానమ్మా."

వారం మొత్తంలో మాకు ఊపిరాడేది ఆ పీరియడ్‌లోనే.

పోటీలకు ఆయనే మా వెంట వచ్చారు. ఘాటు లేని గాలిలో మా కూత ఆగితేనా! ఫైనల్ దాకా వెళ్ళిపోయాం. పక్కన కూర్చుని సెల్ చూసుకుంటున్న కరస్పాండెంట్ గారు మెల్లగా లేచి నిలబడ్డారు, చొక్కా చేతులు మడిచారు. చివరి కూతకు స్కోరు సమానం. అవతలి పిల్ల మా మీదికి వచ్చింది. నేను చీలమండ పట్టుకున్నాను, మిగతావాళ్ళు మీద పడ్డారు. ఆ పిల్ల ఇంకా కూత ఆపలేదు, గీత కోసం చెయ్యి చాస్తోంది.

"వదలొద్దమ్మా! వదలొద్దు! గెలిచాం!" అంటూ కరస్పాండెంట్ గారు చెప్పులతో సహా కోర్టులోకి దూకారు.

రిఫరీ ఈల వేశాడు. మా పట్టు చెల్లదన్నాడు. బయటి మనిషి లోపలికి వచ్చినందుకు పాయింటు అవతలివాళ్ళకు ఇచ్చాడు. ఆ ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

తిరుగు ఆటోలో ఆయన చెప్పులకంటిన కోర్టు మట్టి దులుపుకుంటూ కూర్చున్నారు. మాకేమో నవ్వు ఆగదు, ఒకళ్ళ భుజం వెనక ఒకళ్ళం మొహం దాచుకున్నాం. నవ్వుతూనే ఏడ్చాను కూడా. ఆటల పీరియడ్ పోయిందనే అనుకున్నాను.

మర్నాడు ఆటల వేళకు లెక్కల మాస్టారు సుద్దముక్క పట్టుకుని రానే వచ్చారు. వెనకే కరస్పాండెంట్ గారు.

"మీరెళ్ళండి మాస్టారూ. వీళ్ళకు ఆటలున్నాయి."

మాతోపాటు ఆయనా కల్లానికి వచ్చారు. చెప్పులు ఓ పక్కన విప్పి, నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, నేను ఎక్కడిదాకా రావచ్చో గీసి చూపించు."

ముగ్గుపిండి తీసుకుని కోర్టుకు బాగా దగ్గరగా ఓ గీత గీశాను. మా కోసం అంతగా అరిచే మనిషిని దూరంగా నిలబెట్టబుద్ధి కాలేదు.