ఎజెండాలో ఆఖరి అంశం

గ్రంథాలయ సంఘం అంటే మీకు పుస్తకాలు గుర్తొస్తాయేమో. నాకు ఉల్లిగడ్డలు గుర్తొస్తాయి.

మా ఆయన ఆ సంఘానికి కార్యదర్శి. బూర్గంపాడుకు ఇవతల, కొత్తగూడెం రోడ్డు మీద ఉండే మా ఊళ్ళో బడిపంతులు. ప్రతి నెలా ఒక ఆదివారం మా ఇంటి ముందుగదిలో సంఘం సమావేశం జరిగేది. భద్రాచలం నుంచి, దుమ్ముగూడెం నుంచి, కొత్తగూడెం నుంచి సభ్యులు బస్సుల్లో దిగేవారు. ఊళ్ళోనే ఉండే అధ్యక్షులవారు తెల్లపంచె కట్టుకుని అందరికంటే ఆలస్యంగా వచ్చేవారు. వాళ్ళు ముందుగదిలో విజ్ఞానం గురించి మాట్లాడుకుంటుంటే నేను వెనకగదిలో ఉల్లిగడ్డలు కోసేదాన్ని. మర్నాడు మా ఆయన పత్రికకు సంఘం వార్తలు రాసి పంపేవాడు. 'సమావేశం జయప్రదంగా ముగిసింది. అనంతరం సభ్యులకు విందు జరిగింది.'

"ఓ అయ్యా, ఆ విందు మొగులు మీదికెళ్ళి రాలిందా?" అని అడిగేదాన్ని.

"నువ్వు వండినవని అందరికీ ఎర్కే గదనే" అనేవాడు.

ఎరుకే అయితే రాయొచ్చు కదా! రాసేవాడు కాదు. నేనూ అడగడం మానేశాను. అడగడానికి కూడా ఓపిక కావాలి. ఆ రోజుల్లో నాకు లేనిది అదొక్కటే. ఇద్దరు చిన్నపిల్లలు, మంచంలో అత్తయ్య, రెండు బర్రెలు. పైగా మా ఇల్లు బస్టాండు పక్కనే. భద్రాచలం రాముడి దగ్గరికి పోయే చుట్టాలంతా మా ఇంట్లో స్నానాలు చేసి, పోయొచ్చాక మళ్ళీ మా ఇంట్లోనే అన్నాలు తినేవారు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, వీళ్ళకు తోడు సంఘం. మధ్యాహ్నం ఒక కునుకు పడుతుందో లేదో, "ఏమే, లే. కొత్తగూడెంకెళ్ళి మనోళ్ళొచ్చిండ్రు" అని మా ఆయన గొంతు. మా పెళ్ళయినప్పటి నుంచి నేను నా అంతట నేను నిద్ర లేచిన రోజు ఒక్కటీ గుర్తులేదు.

నేను పుట్టింది కొత్తగూడెంలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. మా నాయిన రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే వచ్చి, ఇంత తిని పడుకునేవాడు. ఆయన పడుకున్నంతసేపూ మా అమ్మ గడపలో కూర్చునేది. చాటలో బియ్యం ఏరుకుంటూ, గల్లీలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెయ్యెత్తి, "సప్పుడు చెయ్యకుండ్రి, లోపట పండుకున్నడు" అనేది. ఆ ఒక్క మాటకు క్వార్టర్ల లైనంతా ఊరుకునేది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పగటి నిద్రలో ఉండేవారు మరి. బాయి దిగే మనిషి నిద్ర చెడగొట్టడమంటే కంచంలో మన్ను పోసినట్టే. పెళ్ళయిన కొత్తలో మా ఆయన మా ఇంటికొచ్చి, మామగారి నిద్ర ముందు ఈ కాపలా చూసి నవ్వుకున్నాడు. మా అమ్మ ఎప్పుడు పడుకునేదో మాత్రం నేను చూడలేదు. ఆమె కోసం గడపలో ఎవరూ కూర్చోలేదు.

సంఘానికి ఊళ్ళో ఒక పఠన మందిరం ఉండేది. అధ్యక్షులవారి వడ్లకొట్టు పక్కనున్న గది. ఒక పొడుగాటి బల్ల, నాలుగు బెంచీలు, గోడకు 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు, పైన ఒక పంకా. పొద్దున, సాయంత్రం తెరిచేవారు. మగవాళ్ళు వచ్చి పేపరు చదువుకుని, రాజకీయాలు మాట్లాడుకుని పోయేవారు. మధ్యాహ్నమంతా తాళం. ఆ తాళంచెవి మా ఇంట్లో మేకుకు వేలాడుతుండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. ఆ వేళ ఆడవాళ్ళకు తెరిస్తే ఏం పోతుంది? నేనూ బళ్ళో బాగా చదివినదాన్నే. వారపత్రికలో సీరియల్ మొదలు తెలిస్తే చివర తెలియదు, చివర తెలిస్తే మొదలు తెలియదు. ఏ వారందో చిరిగిన కాగితం పచారి పొట్లానికి చుట్టి వస్తే అదే చదువు.

మా ఆయనతో చెప్పాను. కాదనలేదు, పాపం. 'మహిళలకు మధ్యాహ్న పఠన వేళ' అని ఎజెండాలో రాశాడు. రాశాడు కానీ ఆఖర్న రాశాడు. కొత్త విషయం అడుగునే రాయాలట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా?

ఆ సంఘంలో ఆఖరి అంశమంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. మొదట పోయిన సమావేశం నివేదిక చదివేవారు. అందులో ఒకరి పేరు విడిచిపోయిందని కాసేపు అలక. తర్వాత గ్రంథాలయ వారోత్సవాలు. వాటికి ముఖ్య అతిథి ఎవరన్నదాని మీద చాయ్ మీద చాయ్. వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతలు ఎవరు, సొంత భవనం ఎప్పుడు, పాత బీరువాకు చెదలు ఎందుకు పట్టింది... ఇంతలో వెనకగది నుంచి పోపు వాసన పోయేది. అందరి మాటా మెత్తబడేది. అన్నాలు, అన్నాలయ్యాక బస్సు. "మిగిలింది వచ్చేసారి చూద్దాం సారూ" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టేవారు. మిగిలిపోయేది ఎప్పుడూ నాదే. నా వంటే నా అంశాన్ని మింగేస్తోందని తెలిశాక కూడా నేనేం చేయగలను? ఇంటికొచ్చినవాళ్ళను పస్తులు పంపలేను కదా. అట్లా రెండు మూడేళ్ళు గడిచాయి.

చివరికి వాన కాపాడింది. ఒక శ్రావణమాసం ఆదివారం వాగులు పొంగి రోడ్డెక్కాయి. అటు బస్సు లేదు, ఇటు బస్సు లేదు. అన్నాలు అయిపోయాయి, చాయ్‌లు అయిపోయాయి, ముఖ్య అతిథి ఎవరన్నది కూడా తేలిపోయింది. మాట్లాడుకోవడానికి ఏమీ మిగలక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు కొత్తగూడెం సభ్యుడు, బొగ్గు కంపెనీలో గుమాస్తా, కాగితం తిప్పి చూసి, "సారూ, ఇంకోటేందో ఉన్నట్టుంది గద?" అన్నాడు. మళ్ళీ పెట్టిన చాయ్ చల్లారేలోపల తీర్మానం అయిపోయింది. బుధవారం, శనివారం, రెండింటి నుంచి నాలుగింటి దాకా. ఇంత చిన్న మాటకా ఇన్నేళ్ళు! నేను వంటగదిలో చాయ్ జాలి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. సంతోషమా అంటే సంతోషమే. ఏడుపు కూడా వచ్చింది.

మొదటి శనివారం ఏడెనిమిది మంది వచ్చారు. అడవిశాఖలో గార్డు భార్య, కంపౌండరు చెల్లెలు, గిరిజన పిల్లల హాస్టల్లో వంటచేసే ఆవిడ, ఇంకా కొందరు. గార్డు భార్య బెంచీ అంచున కూర్చుని, పాత వారపత్రికల కట్ట విప్పి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఆమె చివరిదాకా అట్లాగే చదివింది, ఆ కట్టా, తర్వాతి కట్టా. మిగిలినవాళ్ళు బొమ్మలు చూశారు. కాసేపు పంకా గాలి తగిలింది. హాస్టల్ ఆవిడ పరిచి ఉన్న పేపరు మీద చెంప ఆనించింది. అంతే, గురక. ఆమెను చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి మరొకరు. నాలుగు వారాలు తిరిగేసరికి బల్ల పొడుగునా తలలే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు దేబిరించి తెచ్చుకున్నది పడుకోవడానికా! హాస్టల్ ఆవిడ లేచాక అడిగేశాను. "ఏందమ్మా ఇది? పండుకోనీకి ఇల్లు లేదా నీకు?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కోపం చేసుకోలేదు.

"ఇంట్ల పండుకుంటే లేపుతరు బిడ్డా. హాస్టల్ల పండుకుంటే లేపుతరు. ఈడ బుక్కు ముంగట పెట్టుకోని పండుకుంటే ఎవ్వరు లేపరు" అంది.

చీకటితో లేచి పిల్లలందరికీ వండి, కడిగి, మళ్ళీ సాయంత్రం పొయ్యి దగ్గరికి పోవాల్సిన మనిషి ఆమె. తర్వాతి బుధవారం వస్తూ వస్తూ ఒక పాత చీర తెచ్చి, ఎండ పడకుండా కిటికీకి కట్టాను. సీరియల్ తెరిచి నాలుగు వాక్యాలు చదివాను. ఐదోది గుర్తులేదు.

అట్లా సాగుతుంటే ఒక శనివారం అధ్యక్షులవారు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చారు. సత్తుపల్లి వైపు రైతు. సంఘానికి బీరువా ఇస్తానని ఒప్పుకున్నాడట, పఠన మందిరం చూపిద్దామని తెచ్చారు. తలుపు తీసేసరికి బల్ల నిండా నిద్ర. అధ్యక్షులవారి మొహం ఎర్రబడింది.

"ఇదేంటమ్మాయ్ ఇది? గ్రంథాలయమా, ధర్మసత్రమా?"

ఆయనది కృష్ణాజిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, మాట అట్లాగే ఉండేది. నేను లేచి పైట సర్దుకునేలోపల హాస్టల్ ఆవిడ కళ్ళు నులుముకుంటూ గోడమీది బోర్డు చూపించింది.

"అయ్యా, మాట్లాడొద్దనే గద గాడ రాసింది. మేం ఒక్క ముచ్చటన్న పెట్టినమా?"

సత్తుపల్లి రైతు పకపకా నవ్వాడు. అధ్యక్షులవారు నవ్వలేదు. చెడ్డమనిషి కాదాయన. గది కిరాయి ఏనాడూ అడగలేదు, పేపరు బిల్లు తనే కట్టేవారు. కానీ బయటివాడి ముందు తలకొట్టేసినట్టయింది. ఆ వారమే మా ఆయన్ను పిలిచి, వచ్చే సమావేశంలో మహిళల వేళ రద్దు చేయాలని, అది మొట్టమొదటి అంశంగా ఉండాలని చెప్పారు. మా ఆయన అట్లాగే రాశాడు. మా వేళ తీర్మానానికెక్కడానికి మూడేళ్ళు పట్టింది. దిగడానికి మాత్రం ఎజెండాలో పైనే చోటు దొరికింది.

ఆ ఆదివారం నాకు ఒంట్లో బాగాలేదు. ముందురోజు చుట్టాల బండి ఒకటి వచ్చి పోయింది. అత్తయ్యకు దగ్గు, రాత్రంతా కూర్చోబెట్టి వీపు నిమిరాను. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఉల్లిగడ్డలు ముందేసుకుని, తలుపు చాటున కూర్చుని విన్నాను. అధ్యక్షులవారు సంఘం పరువు గురించి మాట్లాడారు. భద్రాచలం సభ్యులు నిజమేనన్నారు. గుమాస్తా, "పోనియ్యండి సారూ, ఆడోళ్ళు" అని ఏదో అనబోయి ఊరుకున్నాడు. నేను మా ఆయన గొంతు కోసం ఎదురుచూశాను. ఒక్క మాట అంటాడు, ఇప్పుడంటాడు, ఇదిగో అంటాడు. తలవంచుకుని రాసుకుంటున్న కలం చప్పుడే వినపడింది. కాసేపటికి గొంతు వచ్చింది.

"ఏమే, చాయ్ అయిందా?"

అప్పుడు నాలో ఏదో తెగిపోయింది. కోపం కూడా కాదు. కోపానికి బలం కావాలి. లేచి పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లాను. మేకుకున్న తాళంచెవి తీసుకున్నాను. పెరటి తలుపు నుంచి బయటపడి, ఎవరితోనూ చెప్పకుండా పోయి, పఠన మందిరం తెరిచి, పంకా వేసి, బల్ల మీద తల పెట్టాను. రద్దయితే అవనీ, ఒక్కసారి పడుకుంటే చాలు అనుకున్నాను.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. బయట పిల్లలు గోలీలాడుతున్న చప్పుడు. అంతలో ఒక గొంతు మెల్లగా, "సప్పుడు చెయ్యకుండ్రి రా. లోపట పండుకున్నది."

సగం నిద్రలో మా అమ్మ అనుకున్నాను. క్వార్టర్‌లో ఉన్నాననుకున్నాను. కళ్ళు తెరిస్తే గడపలో మా ఆయన. నావైపు వీపు పెట్టి, మోకాళ్ళ మీద ఎజెండా కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. బయట నీడలు పొడుగైపోయాయి.

నేను లేచిన అలికిడికి తిరిగి చూశాడు.

"వచ్చినోళ్ళు తిన్నరా?" అన్నాను. చూడండి నా బుద్ధి, మొదట అదే వచ్చింది నోటికి.

"హోటల్‌కు పోయిండ్రు. ఆడికెళ్ళి ఆడికే బస్సెక్కిండ్రు."

"మరి రద్దు?"

"యాడికెళ్ళి? నిన్ను దేవులాడుకుంట నేనొస్తి, వాళ్ళు అన్నానికి పాయె. కోరం లేకపాయె."

"నన్ను లేపకపోతివి?"

"పండుకున్నవు గద" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కంగారుపడి, "గట్లెందుకే, ఊకో" అని, ఏం చేయాలో తెలియక లేచి పంకా ఆపాడు. ఇద్దరం ఇంటికి పోయి, పిల్లలు మిగిల్చిన పొద్దుటి అన్నంలో పచ్చడి కలుపుకుని తిన్నాం.

మళ్ళీ నెల ఎజెండా రాస్తూ పైకి చదివి వినిపించాడు. పోయిన నివేదిక, వారోత్సవాలు, ముఖ్య అతిథి, న్యాయనిర్ణేతలు, భవనం, చెదలు. అన్నీ అయ్యాక, గొంతు తగ్గించి, "మహిళల వేళ రద్దు సంగతి" అన్నాడు.

"మొన్న అది మొదట్ల ఉండె గద?"

"కోరం లేక ఆగినయ్ ఆఖర్న రాయాలె. రూలు."

ఇన్నేళ్ళలో ఆ రూలు నేను వినలేదు. ఆయన మొహం చూశాను. కాగితం నుంచి తలెత్తలేదు. ఉల్లిగడ్డల బుట్ట దగ్గరికి లాక్కున్నాను.

"ఈసారి అన్నం జర జల్దీ పెడ్త" అన్నాను.

"అవ్, పెట్టు. బస్సుకు లేటైతది వాళ్ళకు" అన్నాడు.

ఆ అంశం ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎజెండాలో ఆఖర్నే ఉంది. బుధవారం, శనివారం మేము పడుకున్నాం.