డాటరెల్ పిట్టల కాపలా

జగిత్యాల అమ్మాయి నవీన విదేశానికి వెళ్లి హామిల్టన్‌లో పర్యావరణంలో మాస్టర్స్ చదువుతూ, వేసవి ప్రాజెక్టు కోసం టౌరంగా అనే తీరపట్టణానికి వచ్చింది. సముద్రపు ఒడ్డున డాటరెల్ పిట్టలను రోజూ గమనించడమే పని. పిడికెడంత పిట్టలు. గూడు కట్టవు, ఇసుకలో చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడతాయి. లోకంలో చాలా కొద్దిగానే మిగిలాయి.

ఉండడానికి ప్రేమలీల ఆంటీ ఇంట్లో గది దొరికింది. ఆంటీది తెనాలి. ముసలివాళ్లుండే రెస్ట్‌హోమ్‌లో నర్సు. భర్త దేవపాల్ క్యాన్సర్‌తో పోయాక ఆవిడకు తోడుగా మిగిలింది ఆయన పెంచిన పిల్లి, సోలమన్.

"చివర్లో ఆయన రొమ్ము మీదే పడుకునేది. ఊపిరి ఆగిపోయాక కూడా దిగలేదమ్మా. నేనే ఎత్తి కింద పెట్టా," అని మొదటి రోజే చెప్పింది ఆంటీ.

వారం తిరక్కముందే అది నవీన కాళ్ల దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. నవీనకూ దాని మీద ప్రేమ కలిగింది.

ఇంటి వెనకే ఇసుక దిబ్బలు, అవి దాటితే పిట్టలు. ఒక జంటకు పిల్లలు పుట్టాయి. పొడుగు కాళ్లున్న దూది ఉండల్లా ఉన్నాయి. దిబ్బ చాటున బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంటే నవీనకు ఆకలి కూడా తెలిసేది కాదు. ఒక పిల్ల కనబడకుండా పోయింది. తర్వాత ఇంకొకటి. సముద్రపు గద్దల పనే అనుకుంది.

ఒక పొద్దున గడ్డిలోంచి సోలమన్ వచ్చింది. తల్లి పిట్ట రెక్క విరిగినట్టు నటిస్తూ, అరుస్తూ, దాన్ని తన వెంట లాక్కుపోవాలని చూసింది. సోలమన్ అటు తల కూడా తిప్పలేదు. ఇసుకకు అతుక్కుపోయిన చివరి పిల్లను నోట కరిచింది. వెంటనే చంపలేదు. వదిలింది, కదిలితే పంజాతో కొట్టింది, మళ్లీ వదిలింది. నవీన కేకలు పెడుతూ చేరేసరికి పిల్ల కాళ్లు మాత్రం కొట్టుకుంటున్నాయి. తల్లి ఇంకా రెక్క ఈడ్చుకుంటూనే తిరుగుతోంది.

"ఆంటీ, సోలమన్‌ను ఇంట్లనే ఉంచుండ్రి. పిట్టపిల్లల్ని చంపుతుంది," అంది ఇంటికి రాగానే.

"పిల్లి పిట్టని పట్టకపోతే ఇంకేం చేస్తుందమ్మా?" అని ఆంటీ నవ్వింది.

"మెడల గంటన్న కడదాం. ఎవరి పిల్లో తెలిసేటట్టు ఒంట్లె చిప్ వేయిద్దాం."

"అంకుల్ దాని మెడలో ఏదీ కట్టనిచ్చేవారు కాదు. ఇంకెప్పుడూ అడక్కు."

పెరటి తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉంది.

ఆ జంట మళ్లీ గుడ్లు పెట్టింది. పక్షులను కాపాడే స్థానిక సంఘం నవీనకు బోనులిచ్చింది. ముంగిసలా ఉండి పిట్టల గుడ్లు తినే స్టోట్ కోసమని చెప్పుకుంటూ, అన్నిటికంటే పెద్ద బోను తెచ్చి, అందులో చేప పెట్టింది. స్టోట్‌కు అంత బోను అక్కర్లేదని ఆమెకు తెలుసు.

సోలమన్ పడింది. నవీన అడుగుల చప్పుడు వినగానే లేచి గుర్రుగుర్రుమంటూ తీగలకు చెంప రాసింది. గడియ ఎత్తితే చాలు. ఆమె సంఘం మనిషి ట్రెవర్‌కు ఫోన్ చేసింది.

ట్రెవర్ వచ్చి యంత్రంతో వెతికాడు. చిప్ లేదు. "మచ్చికైనదిలా ఉంది. ఎవరిదో తెలుసా?" అని అడిగాడు.

ఎవరిదీ కాని పిల్లి దొరికితే చంపేస్తారని నవీనకు తెలుసు. సముద్రం వైపు చూసింది. "తెలియదు."

"ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఎప్పుడూ చూళ్లేదా?"

"లేదు."

అతను బోను తీసుకుని దిబ్బ వెనక్కి వెళ్లాడు. తుపాకీ పేలింది. పిల్లి అరిచింది. కాసేపటికి మళ్లీ పేలింది.

ఆ సాయంత్రం ఆంటీ యూనిఫాం కూడా మార్చుకోకుండా చేప గిన్నె పట్టుకుని, "సోలమన్! నాన్నా!" అంటూ వీధంతా తిరిగింది. పక్కనే నవీన కూడా పిలుస్తూ నడిచింది. మూల మీద డెయిరీ అని పిలిచే చిల్లర కొట్టు అద్దానికి పిల్లి ఫొటో అంటించిందీ నవీనే.

తర్వాత తుపాను వచ్చింది. అలలు దిబ్బల దాకా ఎక్కి గుడ్లను ఊడ్చుకుపోయాయి. తెల్లారి చూస్తే పిట్ట ఒట్టి తడి ఇసుకను పొదుగుతూ కూర్చుని ఉంది. కాపాడడానికి ఇక ఏమీ లేదు. నవీన ఇంటికి వెళ్లి ఆంటీ ఎదుట నిలబడింది.

"సోలమన్ ఇంక రాదాంటీ. నేను పెట్టిన బోన్లనే పడ్డది. ఎవరిదని అడిగితే తెల్వదన్న. కాల్చేసిండ్రు."

బట్టలు మడతపెడుతున్న ఆంటీ చేతులు ఆగాయి. "నిన్ను గుర్తుపట్టిందా?"

"పట్టింది."

"నాతోపాటు వీధంతా పిలిచావు కదే!"

ఆంటీ అరవలేదు, ఏడవలేదు. మడతపెట్టిన చొక్కాను మళ్లీ విప్పి మడతపెట్టింది. "నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నువ్విక్కడ ఉండకూడదు," అంది.

ఆంటీ ఆ ఇల్లు ఖాళీ చేసి హెండర్సన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. నవీన ప్రాజెక్టుకు మంచి మార్కులొచ్చాయి. ఆ తర్వాత హామిల్టన్‌లోనే, అడవి జంతువులను పట్టే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. బోనులో పిల్లి పడితే కొత్తవాళ్లు ఆమెనే పిలుస్తారు. ఒక్క తూటాకే ముగిస్తుందని పేరు.

పోయిన వేసవిలో ఆ తీరంలో డాటరెల్ పిల్లలు ఎగిరాయని ట్రెవర్ సంతోషంగా ఫోన్ చేశాడు. వచ్చి చూడమన్నాడు. నవీన పనుందని చెప్పి పెట్టేసింది. నిజానికి ఆ రోజు ఆమెకు సెలవు.