పెద్దక్క వదలని వాక్యం

శాసనసభలో సభ్యుల మాటలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, పైకొచ్చి టైపు చెయ్యడం మా పని. పది నిమిషాలకొకరం మారతాం. ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్నావిడను అందరం పెద్దక్క అనేవాళ్లం. రోజూ ఆరు పెన్సిళ్లు చెక్కుకుని కూర్చునేది. మంత్రి తుమ్మినా రాస్తుందని వెక్కిరించేవాళ్లం. విన్నది వదలకూడదు, విననిది కలపకూడదు అని మాకు నేర్పింది ఆవిడే. కలిపితే ఉద్యోగం ఊడుతుంది.

ఆ రోజు చర్చ, గర్భస్రావానికి చట్టం ఎన్ని వారాల వరకు ఒప్పుకోవాలని. కొందరు పన్నెండన్నారు, కొందరు ఇరవై అన్నారు. కూరగాయల బేరం ఇంతకన్నా మర్యాదగా సాగుతుంది. పెద్దక్క తన వంతు రాసుకొచ్చి, టైపు చేస్తూ ఆగిపోయింది. పన్నెండు చాలని వాదించిన ముసలి సభ్యుడి ప్రసంగం మధ్యలో, ఆవిడ చేతిరాతలోనే, ఈ మాటలున్నాయి: "నాకు లెక్క తెలీలేదక్కా. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది, నువ్వూ రా."

అవి ఆవిడ చెల్లెలి మాటలు. తల్లి పోయాక తానే పెంచిన పిల్ల. గడువు రెండు వారాలు దాటిందని ఆస్పత్రివాళ్లు తిప్పి పంపితే, ఎవరో చెప్పిన ఇంటికి వెళ్లి ప్రాణం పోగొట్టుకుంది. ఈ సంగతి ఆ మధ్యాహ్నమే మొదటిసారి నాకు చెప్పింది.

ఇద్దరం సభ రికార్డింగు పెట్టుకుని విన్నాం. సరిగ్గా ఆ చోట ముసలాయన గొంతు ఆగింది. ఏడు సెకన్లు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు కూడా. ఆవిడ పింఛనుకి నాలుగు నెలలే ఉంది, ఆ మాటలు కొట్టెయ్యమని బతిమాలాను.

"చెవులారా విన్నాను. వదల్లేను," అంది.

తప్పులుంటే దిద్దడానికి టైపు కాగితం సభ్యుడికి పంపడం పద్ధతి. పంపింది. మర్నాడు సంతకంతో తిరిగొచ్చింది. ఆయన ఒక అంకె దిద్దాడు, ఆ మాటలు ముట్టుకోలేదు. నేను ఉండబట్టలేక, పెద్దక్కకు చెప్పకుండా ఆయన గదికి వెళ్లి, ఇవి మీరన్న మాటలేనా అని అడిగాను.

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నేననలేదమ్మా. నా భుజం పక్కనే నిలబడి ఎవరో అమ్మాయి అంది. ఇంతకీ ఆ అక్క వెంట వెళ్లిందా?"

వెళ్లలేదు. చెల్లెలు రమ్మన్న రోజు సభ ఉంది, పెద్దక్కకు సెలవు దొరకలేదు.