తాడు మీద జపం

పెళ్ళయిన కొత్తలోనే భయం అత్తగారికి తోడైంది. మామగారిది ఎత్తైన మేడల గోడలకు రంగులు వేసే పని. పైనుంచి తాళ్ళకు వేలాడే ఓ పలక, దాని మీద మనిషి, ఆ మనిషి నడుముకి ఇంకో తాడు. పలక తిరగబడినా ప్రాణం నిలబెట్టేది ఆ నడుం తాడే. మొదటిసారి ఆయన్ని అలా గాలిలో చూసి, ఆవిడ రోడ్డు మీదే చతికిలబడిందట.

"వేలాడింది నేను. జనం నీళ్ళు పట్టుకుని పరిగెత్తింది మీ అత్తయ్య దగ్గరికమ్మా!" అని మామగారు కోడలికి చెప్పి నవ్వేవాడు.

ఆయన చివరికి మంచం మీదే కన్నుమూశాడు. తాడు మీంచి కాదు, అదే చాలనుకుంది అత్తగారు. ఊపిరి పీల్చుకునేలోగా కొడుకు అదే పనిలో చేరాడు.

సాయంత్రం కొడుకు నడుం తాడు ఇంటికి రాగానే అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, తాడు చుట్టను ఒళ్ళో పెట్టుకునేది. జపమాల ఆదివారం గుడికి. పనిరోజుల్లో మాత్రం తాడు మీదే జపం. బెత్తెడు తాడుకో మరియమాత మంగళవార్త జపం. మనవరాలు రెండో కొస పట్టుకుని కొంచెం కొంచెంగా వదిలేది.

"మెడలో జపమాల ఉందిగా, నా తాడు మీద పడ్డావేంటే అమ్మా?" అనేవాడు కొడుకు.

"జపమాల నన్ను మోస్తుందిరా. నిన్ను మోసేది ఇదేగా."

ఒక్కోసారి ఉన్నట్టుండి, "దీని మీద జపం సాగట్లేదురా, కొత్తది తెచ్చుకో" అనేది. పోరు పడలేక తెచ్చేవాడు. అత్తగారి చాదస్తం అనుకుని కోడలు మూతి తిప్పుకునేది.

మొన్నటి వానల్లో అత్తగారు జ్వరంతో మంచాన పడింది. ఫాదర్‌గారు వచ్చి నుదుట తైలం పూసి ప్రార్థించారు. మాట పడిపోయినా దుప్పటి అంచు మీద వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఆ వేళ్ళకే జపమాల చుట్టి సమాధి చేశారు.

తర్వాత కొన్నాళ్ళకు మేస్త్రీ దగ్గర్నుంచి కబురొచ్చింది, వానలకు ఆగిన పనికి రేపటి నుంచి రమ్మని. మూలన పడున్న తాడు మీద కోడలి చూపు పడింది. ఇన్నేళ్ళూ ఇంట్లో భయమంతా అత్తగారే పడింది, ఎవరికీ మిగల్చలేదు. ఇప్పుడది మొత్తంగా తన మీదికొచ్చి కూర్చుంది. మొగుడు పైనుంచి పడుతున్నట్టే కళ్ళకు కడుతోంది.

ఆ సాయంత్రం పీట వేసుకుని తాడు ఒళ్ళోకి లాక్కుంది. గబగబా జపం చెబుతూ చూసుకుంటూ పోయింది. ఎక్కడా గీత కూడా లేదు.

"అలా కాదమ్మా" అంది కూతురు. "నాయనమ్మ కళ్ళు మూసుకునేది. వేళ్ళతో నలుపుతూ, మెలిపెడుతూ పోయేది."

"నీకన్నీ తెలుసు!"

"నేనేగా పట్టుకునేదాన్ని."

కోడలు కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నెమ్మదిగా. సగం దాటాక జపం మధ్యలో ఆగిపోయింది. బొటనవేలి కింద తాడు మెత్తగా నొక్కుకుపోయింది, పండు కుళ్ళినట్టు.

అప్పుడే మొగుడు లోపలికొచ్చాడు. "ఏంటి, నీకూ మా అమ్మ పూనిందా?"

ఆమె అతని చెయ్యి లాగి అక్కడ పెట్టింది. నవ్వుతూనే పురి విప్పాడు. పైన నిగనిగలాడుతున్న తాడు లోపల సన్నని ఇసుక, తెగిన పోగులు, పొడి. అతని మొహం పాలిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"అమ్మ మంచాన పడ్డాక దీన్నెవరూ తడిమి చూడలేదు" అన్నాడు. "జపం సాగట్లేదంటే... ఇదేనా?"

మర్నాడు కొత్త తాడు కొనుక్కున్నాకే పనికెళ్ళాడు. పగలంతా బయట ఏ చప్పుడైనా కోడలి గుండె జారిపోతూనే ఉంది. కొత్త తాడైతే మాత్రం, భయం పాతదేగా. చెప్పుల చప్పుడు వినబడేదాకా ముద్ద దిగలేదు.

అతను తాడు దించీ దించగానే ఒళ్ళోకి తీసుకుంది. బిరుసు తాడు వేళ్ళు కోస్తోంది. కొంతసేపటికి ఆగింది.

"ఆపకమ్మా" అంది కూతురు రెండో కొస పట్టుకుని. "ఇంకా బోలెడుంది."