బేరపు మొహం

గాజు కౌంటరు మీద పెట్టె మూత తీయగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది, దాని వెనకే థర్మోకోల్ పొడి వాసన. నంద్యాల గాంధీచౌక్ దాపున ఏసీ షాపు. పెట్టెలో అరచేతికన్నా కాస్త పెద్దదైన ఆటమిషను, నల్లగా, నున్నగా. ఆరో తరగతి చదివే మా అమ్మాయి దాని మీది నుంచి చూపు తిప్పడం లేదు. కౌంటరు వెనకున్న ఆమె "మెమరీ కార్డు ఎంతది తీసుకుంటారు సార్?" అంటూ చిటికెన వేలి గోరంత ముక్కలు కొన్ని వరుసగా పేర్చింది. మిషనులో సొంతంగా ఉన్న జాగా ఒకటి రెండు ఆటలకే సరిపోతుందట, పైన కార్డు వేసుకోవాల్సిందేనట. అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది, రెండువందల యాభై ఆరు జీబీలని, తూకపు రాళ్ల లెక్క చెప్పినట్టు చెప్పింది. పైగా కార్డు మీద రాసినంత జాగా లోపల వేసి చూస్తే కనిపించదట, కొంత తక్కువే చూపిస్తుందట. "అదంతే సార్" అంది. ఆ ఒక్క ముక్క మాత్రం నాకు చప్పున అర్థమైంది. చింతపండు బస్తా ఎండితే తూకం తగ్గుతుంది, మేం దాన్ని తరుగు అంటాం. "తరుగు మాకు, ధర మీకా అమ్మా?" అని మొదలుపెట్టాను. ఆమె నవ్వి, గోడకు తగిలించిన 'ఒకే ధర' అట్ట చూపించింది. నేను వదలకుండా కార్డు ధర అడిగాను, కవరు ఊరికే ఇమ్మన్నాను, పక్క షాపు పేరెత్తాను. దేనికీ ఆమె నవ్వు చెదరలేదు. అడిగీ అడిగీ నాకే నీరసమొచ్చి అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను.

ఈ నంద్యాలలోనే, ఇట్లాంటి ఆటమిషను కోసమే, నేను చిన్నప్పుడొకసారి కౌంటరు ముందు నిలబడ్డాను.

మాది ఆళ్లగడ్డ. నాయనది కిరాణా అంగడి. పొద్దున్నే తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీస్తుంటే బెల్లం తీపి, ఎండుమిరపకాయల ఘాటు, గోనెసంచుల మట్టివాసన, మూల డబ్బాలోని కిరసనాయిలు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వీధిలోకి వచ్చేవి, అదే సమయానికి అవతలి వీధిలో విగ్రహాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు మొదలయ్యేది. శెనక్కాయల కాలంలో ఉప్పేసి ఉడికించిన పచ్చి కాయలు జేబుల నిండా తడితడిగా ఉండేవి, ఎండాకాలం పొద్దుటి పూట బొరుగుల ఉగ్గాని, దాంట్లోకి మిరపకాయ బజ్జీ, ఉగాదికి జేజి, అంటే మా నాయనమ్మ, పెనం మీది నుంచి నేరుగా విస్తట్లోకి వేసే పూర్ణం ఓళిగలు, వాటి మీద నెయ్యి. నల్లమల వైపు మబ్బు కమ్మిందంటే ఇంటిల్లిపాదీ పరుగెత్తి అరుగు మీది బస్తాలు లోపలికి లాగేవాళ్లం. వీధిలో పిల్లలందరూ గోలీలు ఆడుతుంటే నేనూ మా పెద్దనాయన పిల్లలూ గోలీలు అమ్ముకునే ఆట ఆడేవాళ్లం.

ఆ ఆటకు నాయన నేర్పిన సూత్రం ఒకటే. కావాల్సిన సరుకు వైపు చూడకూడదు. దాని పక్కనున్నది పట్టుకోవాలి, దాన్నే తిరగేసి మరగేసి చూడాలి, దాని ధరే అడగాలి, అంతా అయిపోయి పోబోతూ, విసుగ్గా, "సరేగానీ అదెట్ల?" అని అసలుదాన్ని అడగాలి. "మొహాన ఆశ కనపడిందంటే ధర చెట్టెక్కుతాది రా" అనేవాడు. జేజి అయితే వంకాయలు కావాల్సొచ్చిన రోజు బెండకాయల్ని తిట్టేది. పండగ పూట ఇంకో ఓళిగ కావాలన్నా మేం వద్దు వద్దు అంటూనే విస్తరి ముందుకు జరిపేవాళ్లం, వడ్డించేవాళ్లకు ఆ భాష తెలుసు కాబట్టి ఎవరూ పస్తుండలేదు.

ఒక ఎండాకాలం సెలవులన్నీ అంగట్లో పొట్లాలు కట్టినందుకు, ఆ దసరాకు సరుకు తెచ్చేదానికి నంద్యాల పోతూ నాయన నన్నూ వెంటబెట్టుకుపోయాడు. "నీకొక ఆటసామాను తీసిస్తా, నువ్వే ఏరుకోవాల" అన్నాడు. బస్సు శిరివెళ్ల దాటి, రెండు పక్కలా వరిమళ్ల మీదుగా చల్లగాలి తగులుతుంటే, ఏది ఏరుకోవాలో నేను ఎప్పుడో తేల్చేసుకున్నాను. మా బడిలో ఒక ఇంజనీరు కొడుకు క్యాసెట్టు పెట్టుకునే ఆటమిషను తెచ్చి చూపించాడు. దాంట్లో బొమ్మమనిషిని ఒక గుహ దాకా నడిపించి ఆపేశాడు. మర్నాడు తెరిస్తే ఆ బొమ్మమనిషి అదే గుహ ముందు నిలబడి ఉన్నాడు. క్యాసెట్టు లోపల దానికి జ్ఞాపకం ఉంటుందని వాడు చెప్పాడు. మనం ఇంటికి పోయి, తిని, నిద్రపోయి వచ్చినా మన ఆట మన కోసం అక్కడే ఆగి ఉండటం నాకు దేవుడి మహిమలా తోచింది. నాకు అది కావాలి. నా చిన్నతనంలో ఇంకే వస్తువునూ అంతగా కోరుకోలేదు.

బొమ్మల అంగడాయన రెండు మిషన్లు బయటపెట్టాడు. ఒకటి క్యాసెట్టుది. రెండోది పైనుంచి ఇటుకలు పడుతుంటే పేర్చుకునేది, ఆపితే అన్నీ మర్చిపోయేది. షావుకారు కొడుకు చేయాల్సిన పనే నేను చేశాను. ఇటుకలదాన్ని చేతిలోకి తీసుకుని మీటలు నొక్కి, "ఇది బాగుంది నాయనా" అన్నాను. క్యాసెట్టుదాన్ని మోచేత్తో పక్కకు తోసి, "ఇదేంది, ఇంత బరువు" అన్నాను. ఇక నాయన అందుకుంటాడు, పోబోతూ దాని ధర అడుగుతాడు, ఆయన దిగొస్తాడు, మేం గెలుస్తాం.

నాయన నా మొహంలోకి చూశాడు. ఏమీ కనపడలేదాయనకు. అంత బాగా నేర్చుకున్నాను.

"ఏమప్పా, ఈ ఇటుకలది ఎట్లిస్తాండావ్?" అన్నాడు.

"నువ్వూ అంగడోనివే శెట్టీ, నీకు ఎక్కువ చెప్తానా?"

"అంగడోన్ని గాబట్టే అడుగుతాండా. నువ్వు యాడ తెస్తాండావో నాకు తెల్దా?"

"పిల్లోడు ముచ్చటపడినాడు, దానికీ బేరమేంది?"

"ముచ్చటా? వాని మొహం జూడప్పా, యాడన్నా ముచ్చట కనపడతాందా?"

అంగడాయన నా మొహం చూసి, నిజమేననుకున్నాడేమో, తగ్గాడు. మిషను కాగితంలోకి పోయింది, కాగితానికి దారం చుట్టుకుంది, నేను మాత్రం అసలు బేరం ఇప్పుడు మొదలవుతుందని చూస్తూ ఉన్నాను. "పోదాం పా, బస్సు పోతాది" అన్నాడు నాయన. అంగడాయన ముందు నోరు తెరిచి నాకు కావాల్సింది అదీ అంటే మా ఇంటి విద్య మొత్తం బజార్న పడుతుంది. బస్సులో కూర్చున్నాక నాయన మోకాలితో నా మోకాలు తట్టి "ఏమి రా, నచ్చిందా?" అన్నాడు. బేరం కుదిరిన సంతోషం ఆయన మొహంలో నేను చూడటం అదే మొదటిసారి, అమ్మినప్పుడు గానీ కొన్నప్పుడు గానీ ఆయన దాన్ని బయటికి రానిచ్చేవాడు కాదు. "ఊ" అన్నాను.

ఆ మిషనుతో చాలాకాలం ఆడాను. సరుకు చూడమనో, నీళ్లు తెమ్మనో పిలిస్తే ఆపి లేచేవాణ్ని, వచ్చి చూస్తే గోడంతా పోయి మళ్లీ మొదటి ఇటుక. అంగడికి వచ్చినవాళ్లకు నాయన చూపించేవాడు. "మావోడే ఏరుకున్న్యాడు. ఇంకోటి పెద్దది పెడితే దాని తట్టు తిరిగి గూడ చూడల్యా." ఆ మాట తాను పోయేదాకా చెప్పుకున్నాడు, నేను పక్కనుండి ఊ కొడుతూనే ఉన్నాను. ఆయన ఉన్నన్నాళ్లూ నిజం చెప్పాలనిపించలేదు, ఆ తర్వాత చెప్పేదానికి మనిషి లేడు.

ఇప్పుడు మా అంగడి జాగాలో ఫోన్లు బాగుచేస్తారు. నంద్యాలలో ఆ బొమ్మల అంగడి ఏ సందులో ఉండేదో వెతికినా దొరకలేదు. తూకం వేసి పొట్లం కట్టే చేతులూ, పోబోతూ వెనక్కి తిరిగే మనుషులూ, వాళ్లను పేరుపెట్టి పిలిచే అంగళ్లూ పోయాయి. ధర ముందే రాసి ఉంటుంది, ఫోనులో డబ్బు పోతుంది, కొనేవాడి మొహం ఎవరికీ అక్కర్లేదు.

"ఏది బిల్లు చేయమంటారు సార్?" అంది కౌంటరులో ఆమె.

"చిన్న కార్డు చాల్లే నాన్నా" అంది మా అమ్మాయి, వేరే ఎటో చూస్తూ.

నేను స్టూలు మీది నుంచి లేచాను. బతుకంతా ఎదుటివాళ్ల మొహాలు చదివిన నాకు సొంత కూతురి మొహం అంతుపట్టలేదు. "నిజంగా చాలా? లేకపోతే ఊరికే అంటాండావా?" అన్నాను.

"చాలదు. కొత్త ఆట ఎక్కిచ్చాలంటే పాతది తీసేయాల. కానీ నువ్వు ఇందాకట్నుంచి ఆయక్కతో కొట్లాడతాండావ్, నాకు సిగ్గయితాంది."

"పెద్దదే ఇయ్యమ్మా" అన్నాను. అది కూడా ఏదన్నా ఎత్తేమోనని కౌంటరులో ఆమె క్షణం ఆగింది, తర్వాత బిల్లు కొట్టింది.

బయట ఎండ మండిపోతోంది. పెట్టెను పొట్టకు హత్తుకుని మా అమ్మాయి స్కూటరెక్కింది. బండి కదిలాక నా భుజం మీదుగా అద్దంలోకి తొంగిచూసింది.

"నాన్నా, కోపమొచ్చిందా?"

"లేదే."

"మరి మొహం అట్ల పెట్టినావేంది?"

అద్దంలో చూసుకున్నాను. ఏదీ అక్కర్లేనివాడి మొహం, కాస్త విసుగ్గా, చెమట పట్టి. నా లోపలేమో ఎన్నడూ లేనంత కులాసాగా ఉంది.

"చానా సంతోషంగా ఉందమ్మా" అన్నాను.

నమ్మినట్టు లేదు. ఇంకోసారి చెప్పాను, కొంచెం గట్టిగా.